ఎలుగుబంటి మెడ కుట్టు

సోమవారం పొద్దున్నే ఎలుగుబంటిని
మోపెడ్ వెనక కట్టుకోని వచ్చినాడు మునిశేఖర.
తల ఒక గోతాంలో, ఒళ్ళు ఇంకో గోతాంలో.
"పరిమళక్కా, తొడ కాడ పిగిలింది,
సాయంత్రానికల్లా కావాల, షో ఉండాది."

రేణిగుంట రోడ్డులో నా మిషను.
పెళ్ళి జాకెట్లు, బడి యూనిఫారాలు,
ఈ నాలుగేండ్లుగా పార్కోళ్ళ జంతువులు.
తిరగేసినా.
వీపంతా ఉప్పు తెల్లగా చారలు కట్టుంది,
శెనిక్కాయ చేలో నీళ్ళింకిన కాలవ మాదిరి.
బయట, రొమ్ము మీద మాత్రం
చిన్న చిన్న చేతులు, పసుప్పచ్చగా.
కొండ మీద గుండు కొట్టించుకోని దిగొచ్చిన పిల్లోళ్ళు
తలకు పూసిన గంధం ఆరకముందే
దీన్ని వాటేసుకుంటారు.
ఉతికినా పోదు గంధం. ఉప్పు పోతాది.

మధ్యాన్నం వాడే వచ్చినాడు కొలతకు.
ఒరిస్సా అంట, కలహండి పక్క.
పేరడిగితే "దుర్యోధన్" అన్నాడు.
పగలబడి నవ్వినా.
మా ఊర్లో భారతం ఆఖరి దినం
నిన్ను మట్టితో చేసి పండబెడతారబ్బాయా,
నలభై అడుగుల పొడుగు,
భీముడు తొడ మీద కొడితే
కుండలో ఎర్రనీళ్ళు చిమ్ముతాయి, జనం ఈలలేస్తారు
అని సగం మాటల్తో, సగం చేతుల్తో చెప్పినా.
వాడు తన తొడ చూసుకున్నాడు.
"ఇక్కడా అదే" అన్నాడు.

దినానికి ఆరు షోలు.
గాలి నింపిన గదతో జోకరు కొట్టాల, వాడు పడాల,
పిల్లోళ్ళు ఎక్కి తొక్కాల.
తల తీస్తే మున్నూరు కోత.
కూర్చుంటే నూరు.
గుడ్డ పిగిలితే నా కూలి కూడా వాడి లెక్కలోనే రాస్తారంట.
ఆ మాట విని కత్తెర పక్కన పెట్టినా.
మళ్ళా తీసుకున్నా. బాడుగ కట్టాల గదా.

ఎనిమిది నెలలైందంట కొండ కింద.
రాత్రి షెడ్డు రేకులెక్కి
ఘాటు రోడ్డు దీపాలు లెక్కబెట్టుకుంటాడంట.
"పైకి పోలేదా?"
టోకెనుకు ఆధార్ కావాల.
ఆధార్ మునిశేఖర బీరువాలో ఉండాది,
ఇరవై వేల అడ్వాన్సు కింద,
పదకొండు మంది కార్డులు ఒకే రబ్బరు బ్యాండులో.

పోయే ముందు ఒకటి అడిగినాడు:
లోపల, ఎడమ పక్క, చిన్న జేబు.
దుడ్లకా అంటే తల అడ్డంగా ఊపినాడు.
కుట్టిచ్చినా. లెక్కలో రాయలేదు.

మునిశేఖర కూడా ఒకటి అడిగినాడు:
తల ఊడకుండా మెడ చుట్టూ కొక్కేలు,
వెనక పక్క,
వాడి చెయ్యి అందని చోట.
నలభై రూపాయలు.
కుట్టినా,
రెట్ట దారంతో, గట్టిగా. పనిమంతురాలిని గదా.

కత్తిరి ఎండలు.
మూడో షోలో, గద తగలకముందే పడినాడంట.
జనం చప్పట్లు కొట్టినారంట.
జోకరు కొక్కేలు వెతికేలోగా
ఇంకో పాట కూడా అయిపోయిందంట.

మా ఊర్లో దుర్యోధనుడు పడినాక
ఆడోళ్ళు ఆ మట్టి పిడికెడు తెచ్చుకోని
గాదెలో వేసుకుంటారు.

నిన్న ఎలుగుబంటి మళ్ళా వచ్చింది.
"వాడేడి?"
"ఊరికి పోయినాడు" అన్నాడు మునిశేఖర, మోపెడ్ అద్దంలో చూసుకుంటా.
"కొత్తోడు పొట్టోడు. కాళ్ళు నాలుగంగుళాలు తగ్గించు."

జేబు తడిమినా.
చెమటకు మెత్తబడిన కాగితం.
గుండ్రాలు గుండ్రాలుగా వాళ్ళ అక్షరాలు,
కింద పది అంకెలు. అవి నాకొస్తాయి.
ఫోను చేసినా.
ఆడమనిషి గొంతు. ఒకే మాట మళ్ళీ మళ్ళీ,
అడిగినట్టు.
నేను దుర్యోధన్ అన్నా.
ఆమె దుర్యోధన్ అనింది.
అంతే మేము మాట్లాడుకునింది.

కాళ్ళు తగ్గించినా.
కొక్కేలు చూసేదానికి అట్లనే ఉండాయి,
కింద మాత్రం కచ్చా కుట్టు,
తల ఒక్కసారి విదిలిస్తే చాలు.
కొత్తోడికి ఈ సంగతి ఎట్ల చెప్పేది?
వాడి పేరు కూడా తెలీదు నాకు.